మూత తీయని సీసా

ఫిబ్రవరి 9

పిచ్చుకా,

ఆశీస్సులు చివర్లో రాస్తాను, అక్కడికి వచ్చేసరికి ఇంకా ఇవ్వాలనిపిస్తే.

ఇన్నేళ్లకి మేనమామ గుర్తొచ్చాడన్నమాట. ఎందుకు గుర్తొచ్చాడో రెండో పేరాలోనే బయటపెట్టేశావు. అది నచ్చింది. మీ అమ్మా అంతే. ఏదైనా కావాలంటే గుమ్మంలో నిలబడి ఎండల గురించి మాట్లాడేది కాదు, నేరుగా వచ్చి అడిగేది.

మీ లాబ్‌లో నీకు అప్పగించిన పని, బాక్టీరియా విషాన్ని పట్టుకునే చిన్న అణువు తయారు చెయ్యడం. పాత కాగితాలు తిరగేస్తుంటే నా పేపర్ దొరికింది, 'ఇది రాసింది మా మామయ్యే' అని గొప్పగా చెప్పుకున్నావు. మీవాళ్లు నవ్వలేదా? అప్పట్లో నవ్వారు. నవ్విన ముగ్గురిలో ఇద్దరు పోయారు, మూడోవాడికి మతి పోయింది. పొద్దున్నే పేపర్ తీయగానే నేను ముందు చదివేది మరణవార్తలు. ఆ తర్వాత టీ రుచిగా ఉంటుంది.

సంగతి మొదటి నుంచి చెబుతాను. మా వీధి పోస్ట్‌మన్‌కి కూడా అర్థమయ్యేలా చెబుతాను, ఎందుకంటే రేపు నువ్వు మీ పైవాళ్లకి చెప్పాలి. కొన్ని బాక్టీరియాల పైతొక్కలోనే విషం ఉంటుంది. అవి బతికున్నంతకాలం చాలామటుకు గోడలో ఇటుకలా అతుక్కుని ఉంటుంది. మందు వేసి చంపామా, గోడ పగిలి ఆ విషమంతా రక్తంలోకి కారుతుంది. క్రిమి చచ్చింది కదా అని డాక్టర్ చేతులు తుడుచుకుంటాడు. ఆయన పని అయిపోతుంది, రోగి పనీ అయిపోతుంది. చచ్చినవాడి కళ్లు చారెడంటారు. చచ్చిన బాక్టీరియా విషం బారెడు.

ఆ విషానికి రెండు కొమ్ములున్నాయి, రెండూ నెగటివ్ చార్జి. కింద కొవ్వు పోగులు. మన అణువుకి సరిగ్గా ఆ కొమ్ముల ఎడంలో రెండు పాజిటివ్ చేతులుండాలి. కొవ్వులోకి దిగబడడానికి పొడుగాటి తోక ఉండాలి. చేతులతో పట్టుకోవాలి, తోకతో పాతుకుపోవాలి. ఈ పని చేసే పెద్ద మందులు లేకపోలేదు. విషాన్ని పట్టుకుంటాయి, పనిలో పనిగా కిడ్నీలనీ పట్టుకుపోతాయి. అందుకే చిన్నది కావాలి.

మిగతాది చెప్పాలంటే ఒక షరతు. మీ నాన్న గురించి నాకు ఒక్క ముక్క రాయకు. పక్షవాతం వచ్చిందనీ, మాట పడిపోయిందనీ విన్నాను. ఆయనకి మాట పడిపోవడం కొత్తేం కాదు. మాట్లాడాల్సిన రోజునే పడిపోయింది.

ఆశీస్సులు. ఇవ్వాలనే అనిపించింది.

మామయ్య

ఫిబ్రవరి 24

మామయ్యా, నమస్తే.

మీ ఉత్తరాన్ని లాబ్‌లో చల్లగది బయట నిలబడి చదివాను. చేతులు రెండు, తోక ఒకటి అని బోర్డు మీద బొమ్మ వేస్తే మా పెద్దాయన 'ఇది అణువా, బల్లా?' అన్నాడు. కానీ చెరపలేదు. సెప్టెంబరులో కమిటీ కూర్చుంటుంది. అప్పటికి చేతిలో పనిచేసే అణువు లేకపోతే ఈ పని ఆపేస్తారు, నన్ను సబ్బుల విభాగానికి పంపిస్తారు.

తోక ఎంత పొడుగు పెట్టాలి? మీ పేపర్లో రెండు కొలతలున్నాయి. చిన్నదాని గురించి ఒక్క వాక్యమే రాసి వదిలేశారు.

షరతు తప్పుతున్నాను, క్షమించండి. నాన్న నా దగ్గరే ఉన్నాడు. హాల్లో కిటికీ పక్కన మంచం వేశాను. కుడివైపు అంతా పోయింది. ఎడమ చెయ్యి ఆడుతుంది. అవునంటే ఒకసారి నొక్కుతాడు, కాదంటే రెండుసార్లు. టీవీలో డాక్టర్లు మాట్లాడితే కోపమొస్తుంది, రెండేసిసార్లు నొక్కుతూనే ఉంటాడు.

అమ్మ పోయిన రోజు ఏం జరిగింది? నాన్న ఎప్పుడూ చెప్పలేదు. అడిగితే లేచి వేరే గదిలోకి వెళ్లేవాడు. ఇప్పుడు వెళ్లలేడు, చెప్పనూలేడు. నాకు గుర్తున్నది ఒక్కటే. పక్కింటావిడ నాకు రెండు జడలు వేస్తోంది. ఎవరో వచ్చి ఏదో చెప్పారు. ఆవిడ రెండో జడ వెయ్యకుండానే లేచి వెళ్లిపోయింది. ఆ రోజంతా ఒక్క జడతోనే ఉన్నాను.

మీ పిచ్చుక

మార్చి 12

పిచ్చుకా,

షరతు తప్పావు కాబట్టి పూర్తిగా విను. అడుసు తొక్కావు, ఇక కాలు కడుక్కోవడం నీ వంతు.

మీ అమ్మ నాకంటే పెద్దది. నాకు చదువు చెప్పింది అదే. చిన్న ఆపరేషన్ అన్నారు, నవ్వుతూ వెళ్లింది. కుట్టు దగ్గర చీము పట్టింది. మీ నాన్న జ్వరాల వార్డుకి పెద్ద. మందులు దంచి కొట్టాడు. క్రిములు చచ్చాయి. 'తగ్గుతోంది' అని మా అందరికీ చెప్పాడు. సాయంత్రానికి దాని కాళ్లూ చేతులూ మంచుముక్కల్లా అయిపోయాయి. విషం కారిందన్నమాట.

నా లాబ్ ఆ ఆసుపత్రికి ఎదురుగానే. నేను చేసిన అణువు చిన్న సీసాలో సిద్ధంగా ఉంది. రబ్బరు మూత, దాని అంచు చుట్టూ అల్యూమినియం సీలు, నా చేత్తో రాసిన లేబుల్. పరుగెత్తుకుంటూ వెళ్లాను. వార్డు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు దొరగారు.

'బావా, ఇది ఎక్కించు' అన్నాను.

'రక్తంలో చూశావా?'

'నీళ్లలో చూశాను. విషాన్ని ఒక్క చుక్క కూడా వదల్లేదు.'

'నీళ్లు వేరు, మీ అక్క వేరు. తోక కత్తిరించమని పోయిన నెలే చెప్పాను. అంత పొడుగుంటే ఎర్రకణాల్ని కూడా చీలుస్తుంది.'

'మనిషి పోతుంటే తోకలు కొలుస్తావేంటి బావా! కాళ్లు పట్టుకోమంటావా?'

పట్టుకున్నాను కూడా. అక్కడి ఆయా చూసింది, నవ్వాపుకుంది. దాని మొహం నాకు ఇప్పటికీ గుర్తే. ఆయన సీసా తీసుకుని కోటు జేబులో వేసుకున్నాడు. 'చూస్తాలే, నువ్వు వెళ్లు' అన్నాడు.

తెల్లారేసరికి అక్క లేదు. ఆయన మెట్ల దగ్గరికి వచ్చి సీసా నా చేతిలో పెట్టాడు. 'తీసుకో. వాడలేదు' అన్నాడు. ఇంకొక్క మాట లేదు. సీలు చెక్కుచెదరలేదు, మూత ఊడలేదు.

నేను ఊరుకునే రకాన్నా? చేతిలో మందుండీ పెళ్లాన్ని చంపుకున్నాడని చుట్టాలందరికీ చెప్పాను, ఆయన పైవాళ్లకి రాశాను. బామ్మర్ది మందు గెలవడం కంటే భార్య పోవడమే నయమనుకున్నాడని రాశాను. వార్డు నుంచి తీసి పరుపులూ దుప్పట్లూ చూసుకునే చోట పడేశారు. ఒక్కసారి, ఒక్కసారంటే ఒక్కసారి కూడా 'అలా కాదు' అనలేదు. నిజం కాకపోతే మనిషి అరవడూ?

ఆ సీసా నా ఫ్రిజ్‌లోనే ఉంది. ఫ్రిజ్‌లో అదీ, కాస్త వెన్నా, అంతే. రోజూ తలుపు తీసి చూస్తాను. కదపను. నురుగొచ్చే జాతి అది, సబ్బుకి దాయాది.

తోక పొడుగే పెట్టు. చిన్నది మీ నాన్న గోల పడలేక కాగితం మీద రాసిందే, ఎప్పుడూ చెయ్యలేదు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే మనిషి. నా కుందేలు నాలుగు కాళ్ల మీదా పరుగెత్తింది.

ఒకటి అడుగుతాను. ఆయనకి నోట్లో చెంచా పెట్టేటప్పుడు నీ చెయ్యి వణకదా?

మామయ్య

మే 3

మామయ్యా,

వచ్చింది! మీ అణువు చేశాను, పొడుగు తోకతో. ఒక సముద్రజీవి రక్తంతో చేసే పరీక్ష మీకు తెలుసు కదా, విషం ఉంటే గొట్టంలో ద్రవం గడ్డకడుతుంది, లేకపోతే కట్టదు. విషం కలిపిన గొట్టాల్లో మీ అణువు వేశాను. తలకిందులు చేస్తే నీళ్లలా జారిపోయింది. ఒక్కదాంట్లోనూ గడ్డ లేదు. మా పెద్దాయన గొట్టాలన్నీ తనే తిప్పి చూసి, 'నీ బల్లి ఈగని పట్టిందే!' అన్నాడు. కమిటీకి ఇదే చూపిస్తాం. రక్తంలో పరీక్ష మాత్రం ఇంకా మొదలుపెట్టలేదు.

మీ మార్చి ఉత్తరం నాన్నకి చదివి వినిపించాను. మంచం పక్కన కూర్చుని, ఒక్క వాక్యం కూడా వదలకుండా. మెట్ల దగ్గరికి వచ్చేసరికి కళ్లు మూసుకున్నాడు. నీళ్లు కారాయి. 'నిజమేనా నాన్నా? చేతిలో ఉండి కూడా వదిలేశావా?' అన్నాను. నా చెయ్యి అందుకోబోయాడు. నేను లాగేసుకున్నాను. ముట్టుకోబుద్ధి కాలేదు.

పోయిన వారం ఆయన్ని వృద్ధుల హోమ్‌లో చేర్చాను. పొడుగాటి గది, వరసగా మంచాలు, మంచానికి ఒక గంట. గంట కుడివైపు ఉంటుంది. చెప్పి మార్పిస్తానులే అనుకుని వచ్చేశాను, మర్చిపోయాను. ఈసారి వెళ్లినప్పుడు చెప్పాలి.

మీ పాత సీసా నాకు పంపగలరా? నేను చేసిందీ అదీ ఒకటేనని కమిటీకి చూపించాలి. అన్నేళ్ల కింద చేసింది ఇప్పటికీ పనిచేస్తోందంటే నోరెత్తలేరు. మీ పేరు ముందు పెడతాను.

మీ పిచ్చుక

మే 19

పిచ్చుకా,

నీ ఉత్తరం మూడు రోజులు దిండు కింద పెట్టుకున్నాను. నవ్వుకో.

హోమ్‌లో చేర్చావు. మంచి పని. ముప్ఫై ఏళ్లు నేను ఒక్క గదిలో పడి ఉన్నాను. కింద కళ్లజోళ్ల కొట్టు, కిటికీ తీస్తే ఆసుపత్రి దుప్పట్లు ఆరేసే తాళ్లు. ఆయన చూసుకున్న దుప్పట్లే! అవి గాలికి ఊగుతుంటే చూసి ఎంత ఆనందపడేవాణ్ణో నీకేం తెలుసు? ఇప్పుడు ఆయన వంతు. గంట మార్పించాలని తొందరపడకు. అందని గంట ఎలా ఉంటుందో తెలియనీ. మీ అమ్మకీ ఆ రోజు ఏదీ అందలేదు.

సీసా పంపుతున్నాను. రెండు మేజోళ్లలో చుట్టి, టీ డబ్బాలో పెట్టి, చుట్టూ పాత పేపర్లు కుక్కాను. మరణవార్తల పేజీలే, నీకూ కాలక్షేపం. ఎవరి చేతికీ ఇవ్వకు. లేబుల్ మీద నా అక్షరాలు చూడు, అప్పటికి చెయ్యి వణికేది కాదు.

పెద్దవాణ్ణి కాబట్టి ఒక ముక్క. మీ గాజుసామాను ఉడకబెట్టి శుభ్రమైందనుకునే తెలివితక్కువతనం చెయ్యకు. ఉడికిస్తే బాక్టీరియా చస్తుంది, విషం చావదు. రెండు వందల యాభై డిగ్రీల్లో కాలిస్తేనే పోతుంది. మా రోజుల్లో మాకో డైరెక్టరుండేవాడు, గుండుసూది అనేవాళ్లం, తల చిన్నది, పొడవడం బాగా వచ్చు. ఉడకబెట్టిన గొట్టాల్లో పరీక్షలు చేసి నా మందు పనికిరాదని తేల్చాడు. పోయినప్పుడు పువ్వులు పంపాను. 'ఇప్పుడు సరిగ్గా కాలుస్తారు' అని చీటీ రాశాను. వాళ్లావిడకి అర్థం కాలేదు, ధన్యవాదాలు చెబుతూ జవాబు రాసింది.

నా పేరు ముందు పెట్టు. పెద్ద అక్షరాల్లో.

మామయ్య

జూన్ 27

మామయ్యా,

రెండు సంగతులు. రెండూ బాగాలేవు.

మొదటిది. మీ అణువు నీళ్లలో పట్టుకున్న విషాన్ని రక్తంలో వదిలేస్తోంది. రక్తంలోని ప్రోటీన్లు దాని తోకని పట్టుకుని లాగేస్తున్నాయి. మిగిలింది ఎర్రకణాల్ని చిట్లగొడుతోంది. కణాలు అడుక్కి దిగాక పైన తేరిన నీరు తేటగా ఉండాలి కదా, ఎర్రగా ఉంది. బతికున్న బాక్టీరియా కలిపి చూస్తే వాటినీ ఒక్కసారిగా బద్దలు కొట్టి, గోడలోని విషమంతా ఒకేసారి బయటికి తెచ్చింది. మందు వెయ్యని గొట్టమే నయంగా ఉంది.

రెండోది. సీసా క్షేమంగానే చేరింది. కదిపాను. నురుగు రాలేదు. అనుమానమొచ్చి పరీక్షకి పంపాను. అందులో మీ అణువు జాడ కూడా లేదు. పాడైపోయిన ముక్కలు కూడా లేవు. ఉప్పునీళ్లు. సెలైన్ బాటిల్లో ఉండే ఉప్పునీళ్లు.

హడావుడిలో మందు సీసాకి బదులు వేరే సీసా పట్టుకెళ్లారా? మీరు అలాంటి పొరపాటు చేస్తారనుకోను. అయినా అడగాలి.

పిచ్చుక

జూలై 8

పిచ్చుకా,

నేను వేరే సీసా పట్టుకెళ్లానా? నీకు కుట్లూ అల్లికలూ నేర్పించమని అప్పుడే మీ అమ్మకి చెప్పి ఉండాల్సింది, నీ చేతులు దానికే పనికొస్తాయి.

రక్తం సంగతి ముందు. గాజుసామాను కాల్చి ఉండవు. లేదా రక్తం పాతదై ఉంటుంది. మీ నాన్న మాటలే నీ గొట్టాల్లోంచి వినిపిస్తున్నాయి. ఆయన రక్తమేగా, ఎక్కడికి పోతుంది.

ఇక ఉప్పునీళ్లు. ఇంతకాలం ఆయన్ని హంతకుడనే అనుకున్నాను. దొంగ కూడానని ఇప్పుడు తెలిసింది. నా మందు కొట్టేశాడు! తీసి దాచుకుని, సీసాలో ఉప్పునీళ్లు నింపి నా మొహాన కొట్టాడు. ఎవరికో అమ్ముకుని ఉంటాడు, లేదా తన పేరుతో రాసుకుందామని దాచి, ధైర్యం చాలక ఊరుకుని ఉంటాడు. అక్క శవం ఇంకా చల్లబడకముందే! కానీ సీలు ఎలా తీశాడు? చెక్కుచెదరలేదే. నేను రోజూ చూశానే.

వెళ్లు. ఆ హోమ్‌కి వెళ్లి అడుగు. నోరు లేకపోతే చెయ్యుందిగా. నా మందు ఏం చేశాడో నొక్కమను. జవాబు నాకు రాయి, ఒక్క అక్షరం తగ్గించకుండా.

మామయ్య

ఆగస్టు 2

మామయ్యా,

ఒక్క అక్షరం తగ్గించకుండా రాయమన్నారు. రాస్తున్నాను.

ముందు సీలు సంగతి. మీ రసాయనం వాళ్లు సీసా తెరవాలంటే మూత తీస్తారు. డాక్టర్లు మూత తీయరు, సూది గుచ్చుతారు. రబ్బరు మూతని భూతద్దం కింద పెట్టి చూశాను. మధ్యలో పక్కపక్కనే రెండు గాట్లు. ఒకటి మందు బయటికి లాగింది. ఇంకోటి ఉప్పునీళ్లు లోపలికి పంపింది. రోజూ చూశానన్నారు. మీరు చూసింది చుట్టూ ఉన్న అల్యూమినియం.

హోమ్‌కి వెళ్లాను. తలుపు దగ్గర పనివాడు, లావుపాటి మనిషి, నన్ను చూసి, 'ఏంటమ్మా, ఇన్నాళ్లకి దారి తెలిసిందా? తాత తలుపు వైపే చూసి చూసి మెడ పట్టేసింది' అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. గంట ఇంకా కుడివైపే ఉంది. నడుం దగ్గర పుండు పడింది. పిలవలేడు కదా, ఎవరూ తిప్పి పడుకోబెట్టలేదు. ఒళ్లు వెచ్చగా ఉంది.

ఎడమ చెయ్యి పట్టుకున్నాను. ఆయనే కళ్లతో 'అడుగు' అన్నట్టు చూశాడు.

'సీసాలో ఉప్పునీళ్లు నింపింది నువ్వేనా నాన్నా?'

ఒకసారి నొక్కాడు.

'మందు పారబోశావా?'

రెండుసార్లు.

'దాచుకున్నావా?'

రెండుసార్లు.

ఇక మిగిలింది ఒక్క ప్రశ్నే. అడగకుండా లేచి వచ్చేద్దామనుకున్నాను.

'అమ్మకి ఎక్కించావా?'

నొక్కాడు. నొక్కి వదల్లేదు.

'తగ్గిందా?' అంటే రెండుసార్లు. 'ఇంకా ఎక్కువైందా?' అంటే ఒకసారి. అప్పుడు ఏం జరిగి ఉంటుందో నాకు చెప్పక్కర్లేదు. నా గొట్టాల్లో చూశాను, తేరిన నీటి రంగుతో సహా.

మందు పనిచెయ్యదని తెలిసీ ఎక్కించి ఉంటాడు, మీరు కాళ్లు పట్టుకున్నారని. లేదా తనూ మీలాగే ఆశపడ్డాడు. అది అవును, కాదులతో తేలే ప్రశ్న కాదు, అడగలేదు. అక్క పోతే మీరు తట్టుకుంటారు, మీ మందు వల్లే పోయిందంటే తట్టుకోలేరనుకుని ఉంటాడు. అందుకే 'వాడలేదు' అన్నాడు. ఆ తర్వాత మీరు ఊరంతా తిరిగి చెప్పారు, పైవాళ్లకి రాశారు. ఆయన దుప్పట్లు చూసుకున్నాడు.

ఇంకో వైపు నుంచీ అడిగాను, దాచను. 'పరీక్షలు కాని మందు ఎక్కించానని చెబితే ఉద్యోగం పోతుందని దాచావా?' అన్నాను. రెండుసార్లు నొక్కాడు. 'మామయ్య కోసం దాచావా?' అన్నాను. దానికి నొక్కలేదు. కళ్లు మూసుకున్నాడు.

మీ ఉత్తరం చదివి వినిపించిన రోజు నా చెయ్యి అందుకోబోయింది ఇది చెప్పడానికే. నేను లాగేసుకున్నాను. అది నాకుంటుంది. మీకేం ఉంటుందో మీరు చూసుకోండి.

జ్వరం తగ్గగానే ఇంటికి తెచ్చేసుకుంటాను. ఆసుపత్రికి మార్చారు, మందులు మొదలుపెట్టారు.

పిచ్చుక

ఆగస్టు 21

మేనకోడలికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి తప్పులు పట్టడానికి.

పక్షవాతం మనిషి వేళ్లు అదిరితే అది సాక్ష్యమా? ఇంతకన్నా గట్టి ఆధారాలుంటేనే నా పేపర్‌ని చింపి పారేశారు. నువ్వు అడిగావు, ఆయన నొక్కాడు. జ్వరంలో ఉన్నవాడు గోడ అడిగినా నొక్కుతాడు.

సరే. ఎక్కించాడనే అనుకుందాం. చెయ్యి ఎవరిది? సూది ఎవరిది? నేను బతిమాలాను, నిజమే. అక్క కోసం తమ్ముడు బతిమాలతాడు. డాక్టర్ ఆయన. వద్దనుకున్నవాడు వద్దనే ఉండాలి. ఇంకో సంగతి గమనించావా? తోక పొడుగు, రక్తంలో చూడలేదు, నీళ్లు వేరు మీ అక్క వేరు అని ఉపన్యాసాలిచ్చిన మనిషి చివరికి నా మందే ఎక్కించాడు. అంటే తలుపు దగ్గర వాదనలో గెలిచింది నేను. ముప్ఫై ఏళ్ల తర్వాత తెలిసింది, తెలిసినందుకు సంతోషం.

'మామయ్య కోసమా?' అంటే నొక్కలేదుగా. చూశావా. నొక్కలేదు.

అసలు ఎవరు దాచమన్నారు? ఆయన్ని దయ చూపించమని ఎవరడిగారు? నన్ను పసివాడి కింద జమకట్టి, తను త్యాగమూర్తిలా దుప్పట్లు మడతపెట్టుకుంటూ, నేను అరుస్తుంటే లోపల జాలిపడుతూ కూర్చున్నాడన్నమాట. కిటికీలోంచి ఆ దుప్పట్లు చూసి నేను నవ్వుకునేవాణ్ణి. ఆయన అటువైపు నుంచి నా కిటికీ చూసేవాడా? అది అడిగావా? అడగవు. ఒక్క మాట చెప్పి ఉంటే, ఆ రోజు మెట్ల దగ్గర ఒక్క మాట చెప్పి ఉంటే నేను

ఆ వాక్యం పూర్తి చెయ్యను.

మీ కమిటీకి నా పేరు చెప్పనక్కర్లేదు. సీసా మాత్రం వెనక్కి పంపు. ఉప్పునీళ్లయినా సరే, ఖాళీ సీసా అయినా సరే. అది నాది, లేబుల్ మీద ఉన్నవి నా అక్షరాలు. ఫ్రిజ్‌లో దాని చోటు ఖాళీగా ఉంది. వెన్న అక్కడికి జరిపి చూశాను. బాగాలేదు. తలుపు తీసినప్పుడల్లా చెయ్యి అటే పోతోంది.

మేజోళ్లు ఉంచుకో. సీసా పంపు.

మామయ్య

అక్టోబరు 4

మామయ్యా,

నాన్న పోయాడు. మందులు బాగా పనిచేశాయి, క్రిములన్నీ చచ్చాయి, రేపో ఎల్లుండో ఇంటికి తీసుకెళ్లొచ్చని వార్డు డాక్టర్ చెప్పాడు. సాయంత్రానికి కాళ్లూ చేతులూ చల్లబడ్డాయి. ఆ తర్వాతి కథ మీరే నాకు రాశారు, ఫిబ్రవరిలో, పోస్ట్‌మన్‌కి కూడా అర్థమయ్యేలా. పేపర్లో వేయించలేదు, వెతక్కండి.

తోక కత్తిరించాను, నాన్న ఆ రోజు చెప్పిన కొలతకి. రక్తంలో విషాన్ని పట్టుకుంటోంది, వదలట్లేదు. తేరిన నీరు తేటగా ఉంది. మనుషుల దాకా రావడానికి ఇంకా ఏళ్లు పడుతుంది. కమిటీ పని కొనసాగించమంది. కాగితాల మీద నాన్న పేరు ముందు పెట్టాను.

సీసా అడిగారు. పరీక్ష అయ్యాక అది మిగతా గాజుసామానులో కలిసింది. కడిగేటప్పుడే లేబుల్ ఊడిపోయింది. తర్వాత అన్నిటినీ రెండు వందల యాభై డిగ్రీల్లో కాల్చాం, మీరు చెప్పినట్టే. మీ ఉత్తరం వచ్చాక అలమర తెరిచి చూశాను. వరసగా అన్నీ ఒకేలా మెరుస్తున్నాయి. మీది ఏదో తెలియలేదు.

మీ బావ కూతురు